వాదజల్పవితండలు: గోలకొండ కవుల సంచిక

లోకమున వాదమనఁగా జగడమనియు, చర్చ యనఁగా మాటల పెంపనియు వాడుక యేర్పడినది. ‘వితండవాద’మను సమాసము సయితము ప్రచారమునకు వచ్చినది. నైయాయికుల మతమున వాదము వేఱు, వితండ వేఱు. కావున నా పేరు పొసఁగదు.

ధాతుపాఠమున వద, జల్ప ధాతువులు రెండింటికిని వ్యక్తముగాఁ బలుకుటయే యర్థము. కాఁబట్టి వాదజల్పముల భేదము ధాతువున లేదు. పలుకువాని యుద్దేశమున నున్నది. తత్త్వము నెఱుఁగఁగోరి ప్రమాణతర్కములతో నుభయపక్షములను బరీక్షించుట వాదము. గెలుపు గోరి ఛలజాతినిగ్రహస్థానములతోఁ బోరుట జల్పము. తన పక్షమును స్థాపింపక పరపక్షమును మాత్రము ఖండించుట వితండ. ఇది గౌతముని న్యాయసూత్రముల నిర్ణయము.

ఈ లక్షణమునకుఁ దెలంగాణమునఁ జక్కని లక్ష్యము గలదు. నైజాము రాష్ట్రమున నాంధ్రకవులు పూజ్యమని, అనఁగా సున్న యని, యొక పండితుఁడు వ్రాసెను. పాలమూరు సీమవాఁడును, గోలకొండ పత్రికా సంపాదకుఁడును నగు సురవరము ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచికను బ్రకటించి 354 మంది కవులను జూపెను.

అప్పుడు మూఁడు మార్గములుండెను. పూజ్యశబ్దమునకుఁ బూజింపఁదగినవారని యర్థము ద్రిప్పియుండిన నది వాక్ఛలము. ఆ కథ జల్పము. మీ సీమయందు మాత్ర మెందఱు గలరని యడిగి యూరకుండిన వితండ. సంపాదకుఁ డీ రెంటిని విడిచి యుదాహరణములను గూర్చెను. లేదనుమాటకు నున్నదానిని జూపుటయే యుత్తరము. అందుల కొక్క కవి చాలును. కాని యాతఁడు కవియే కాఁడను వంకకుఁ జోటు మిగులును. ఇందఱిని జూపుటచే నా చోటును లేకపోయెను.

అమరసింహుఁడు చర్చా సంఖ్యా విచారణా శబ్దములను బర్యాయములుగాఁ బఠించెను. సంచికయందు సంఖ్య లెక్క యను నర్థమునను, విచారణ యను నర్థమునను సార్థకమైనది. అయినను లెక్క కవుల యునికిని సాధించునే కాని గుణమును సాధింపదు. ఎవ్వరి పద్యము నిలుచును, ఏల నిలుచును అనునది వేఱు ప్రశ్నము. 354 అను సంఖ్యను జయపతాకగాఁ బట్టువారు సంపాదకుని వాదమును మరల జల్పముగాఁ జేయుచున్నారు. సంచిక యుదాహరణముల నొసఁగినది. పద్యములను జదివి గుణదోషములను దేల్చి నిగమనము చెప్పుట విమర్శకుల పని.