జడ బిగువు

మన యిండ్లలో ఆడపిల్ల జడను మెచ్చుకొనునపుడు పెద్దలు పలుకు మాట యొకటి కలదు: “పొద్దున వేసిన జడ, సాయంత్రానికి కూడా ఒక్క వెంట్రుక చెదరలేదు!” అని. బడికి బోవునపుడు అల్లి, పైకి మడిచి, రిబ్బనుతో ముడివేసిన రెండు జడలును పిల్ల తిరిగి యింటికి చేరువరకు సడలక నిలిచినచో, తల్లి చేతి నేర్పునకు అదియే ప్రమాణమని మనవారి నమ్మకము. చిరకాలముగా మా యింటి ఆడపిల్లలకును, ఇరుగుపొరుగు పిల్లలకును తలలు దువ్వి జడలు వేయుచు వచ్చినదానను గనుక, ఈ నమ్మకమును గూర్చి నా అభిప్రాయమును నిర్మొహమాటముగా చెప్పదలచితిని. బిగువు జడకు గుణము కాదు. జుట్టు నిలుచుటకు ఎంత పట్టు కావలయునో అంతకు మించిన ప్రతి లాగుడును కుదుళ్లు మోయవలసినదే. అవి కొంతకాలము మోసి, పిదప మానుకొనును.

వెంట్రుకకు ప్రాణమంతయు చర్మముక్రింద నున్న కుదురునందే యున్నది. పైకి వచ్చినది నిర్జీవమైన కెరాటిన్ పోగు మాత్రమే. నెత్తిమీద సుమారు లక్ష కుదుళ్లుండును. ఒక్కొక్క వెంట్రుక రెండేండ్లు మొదలు ఆరేండ్ల వరకు, నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగి, మూడు నెలలు విశ్రమించి, తనంతట తాను రాలిపోవును. సంపూర్ణారోగ్యము గల స్త్రీకి సైతము దినమునకు 50 మొదలు 100 వెంట్రుకలు రాలుట సహజము. కావున దువ్వెనలో నాలుగు వెంట్రుకలు కనబడినంతనే బెంగపెట్టుకొన నక్కరలేదు. కాని వానిని వెలుతురునకు పట్టి చూచుట మంచిది. ఒక కొనయందు మిక్కిలి చిన్నదైన తెల్లని బొడిపె యున్నచో, అది కాలము తీరి కుదురునుండి ఊడిన వెంట్రుక. బొడిపె లేక, రెండు కొనలును తెగి, వ్రేలెడు పొడవైనను లేని తునుక యైనచో, అది నడుమ విరిగినది. సాయంకాలము పిల్లల తల విప్పునపుడు నేను రబ్బరు బ్యాండును పారవేయక ముందుగా దీపము దగ్గర పరీక్షించెదను. నేను చూచినంతలో, దానికి మెలికలు తిరిగి చుట్టుకొని వచ్చునవి చాలవరకు ఈ తునుకలే. కూరగాయల పొట్లమునకు చుట్టి వచ్చిన సన్నని రబ్బరు బ్యాండునే పిల్ల తలకు పెట్టెడి యిండ్లలో ఇవి మరింత హెచ్చుగా కనబడును.

నేటి బాలికలకు మూడుపాయల జడకంటె పోనీటెయిల్ మీద మక్కువ ఎక్కువ. అందు తప్పేమియు లేదు. త్వరగా ముగియును, చూచుటకును చురుకుగా నుండును. అయితే ఈ రెండింటికిని పట్టులో గల భేదమును తల్లులు గ్రహింపవలెను. జడలో పాయలు ఒకదాని నొకటి పెనవేసికొని తమ్ముతామే నిలుపుకొనును గనుక, కొనయందు చిన్న రిబ్బను చాలును. పోనీటెయిల్‌లో తలమీది జుట్టంతయు ఒకే యుంగరముచేత నెత్తికి ఆనుకొని పట్టుబడవలెను. అది జారకుండుటకై రెండు చుట్లు, మూడు చుట్లు బిగింతుము. ఆ బిగువంతయు నుదుటి అంచునను, కణతలయందును, చెవుల వెనుకను ఉండు సన్నని వెంట్రుకలమీద పడును; ఏలయన, తాము సహజముగా వ్రాలు దిక్కునకు ఎదురుగా, అన్నిటికంటె దూరమునుండి లాగబడునవి అవియే. తల దువ్విన పిదప పిల్ల కనుబొమలు పైకి లేచినట్లున్నచో, ఆమె నోరు విప్పి చెప్పకున్నను మనకు తెలియవలెను. “నొప్పిగా ఉంది అమ్మమ్మా” అని పిల్ల యనిన తక్షణమే నేను విప్పి మరల కట్టెదను. “కాసేపటికి అలవాటైపోతుందిలే” అను సమాధానము నాకు ఎన్నడును నచ్చలేదు. 2004లో ప్రకటితమైన యొక వైద్యపరిశీలనలో, ప్రశ్నింపబడిన 93 మంది స్త్రీలలో 50 మంది పోనీటెయిల్ వలన తమకు తలనొప్పి కలుగుచున్నదని చెప్పిరి. బ్యాండు సడలించిన పిదప వారిలో పలువురకు బాధ శమించెను.

లాగుడువలన జుట్టు ఊడుట క్రొత్తగా వచ్చిన వ్యాధి కాదు. పశ్చిమ గ్రీన్‌లాండ్ స్త్రీలు జుట్టును గట్టిగా పైకి దువ్వి నడినెత్తిన ముడివేయు ఆచారమువలన కణతలయందు బట్టతల పొందుటను ట్రెబిట్ష్ అను ఆస్ట్రియా దేశీయుడు 1907లోనే వియన్నా వైద్యపత్రికలో వర్ణించెను. మన దేశమున, కేశములను బిగించి ముడిచెడి సిక్కు పురుషులలోను వైద్యులు దీనిని గుర్తించిరి. దీనికి ట్రాక్షన్ అలోపీషియా అని పేరు. తొలిదశలో జుట్టు మొదళ్ల చుట్టును ఎఱ్ఱదనము, చిన్న చిన్న పొక్కులు, తాకిన నొప్పి కనబడును. పిదప కణతలవద్ద జుట్టు పలుచబడును. నుదుటి చివరి అంచున మాత్రము బ్యాండునకు అందని నూగు వెంట్రుకలు వరుసగా మిగిలియుండును. ఈ దశలో బిగువు మానినచో కొన్ని నెలలలో జుట్టు తిరిగి వచ్చును. ఏండ్లతరబడి సాగినచో కుదురు మచ్చగా మారి మూసికొనిపోవును. ఆ పిమ్మట ఏ తైలమునకును అది మొలవదు.

తైలము మాట వచ్చినది గనుక చెప్పెదను. కొబ్బరినూనెమీద మన పెద్దలకు గల విశ్వాసము వ్యర్థము కాదు. 2003లో వెలువడిన యొక పరిశోధనలో, పొద్దుతిరుగుడు నూనెకును ఖనిజతైలమునకును లేని శక్తి దీనికి కలదనియు, ఇది వెంట్రుకలోనికి చొచ్చి మాంసకృత్తుల నష్టమును తగ్గించుననియు తేలినది. కాని నూనె పోగును కాపాడును గాని, లాగుడుపడిన కుదురును కాపాడజాలదు. నిండుగా నూనె పెట్టి, దానిమీద ప్రాణము పోవునట్లు బిగించి జడవేయుట మన యిండ్లలో తరచుగా జరుగు పని. మొదటి దానివలన వచ్చిన మేలును రెండవది హరించుచున్నది.

తడిజుట్టు సంగతి ఇంకను విషమము. నీటిలో నానిన వెంట్రుకలోని బంధములు కొన్ని సడలి, అది తన పొడవులో మూడవవంతు వరకు సాగును. అప్పుడు దానికి బలము తక్కువ. ఆదివారము కుంకుడుకాయలతో తలంటి, జుట్టును ఎండలో నారబెట్టుటకు తీరిక యుండును గాని, బడి దినములలో ఏడుగంటలకు తలస్నానము, ఏడున్నరకు జడ. ఆ తడిజడలో సాయంకాలమునకు ముక్కవాసన పుట్టుటయే గాక, లాగి అల్లిన చోట్లనెల్ల పోగులు విరుగును. తలంటును ముందునాటి సాయంకాలమునకు మార్చుకొనుటకంటె దీనికి వేరు చికిత్స లేదు.

వేసవిలో మల్లెమొగ్గలతో పూలజడ కుట్టించుకొని, వెనుక అద్దము పెట్టించి ఫొటో తీయించుకొనని ఆడపిల్ల పూర్వము మన యూళ్లలో అరుదు. ఆ ముచ్చటను తగ్గింపుడని నేను చెప్పను. కూచిపూడి భామాకలాపములో తెరమీదుగా జడను వైచి సత్యభామ ప్రవేశించు ఘట్టము చూచినవారికి, జడయనగా మనకెంత గౌరవమో వేరుగా చెప్ప నక్కరలేదు. అయితే సవరమును, పూలును, జడకుచ్చులును అన్నియు కలిసి కుదుళ్లమీద వ్రేలాడు బరువే గనుక, వేడుక ముగిసిన వెంటనే దానిని విప్పవలెను. ఫొటో బాగుగా వచ్చినదను సంతోషములో పిల్లను పూలజడతోనే నిద్రపుచ్చుట తగదు.

రాత్రి సంగతియే నేను ముఖ్యముగా చెప్పదలచినది. పగటిపూట జడ ఎట్లున్నను పడకచేరునపుడు విప్పవలెనను నియమము మా అమ్మమ్మకు ఉండెడిది. కొప్పు విప్పి, వ్రేళ్లతో చిక్కు తీసి, మెడవద్దనుండి వదులుగా మూడు పాయలు అల్లి, కొనను పాతచీర పేలికతో కట్టి, ఆ జడను దిండుకు పైగా వెనుకకు వేసికొని పడుకొనెడిది. “పగలంతా కట్టేసిన జుట్టుకి రాత్రన్నా ఊపిరాడాలే” అనెడిది. వెంట్రుక ఊపిరి పీల్చదు. కాని ఆమె చేసిన ప్రతి పనికిని కారణము కలదు. వెంట్రుక పైపొర సన్నని పొలుసులతో, పూరింటికి తాటాకు కప్పినట్లు, కుదురునుండి కొనవైపునకు ఒకదానిపై నొకటిగా అమరియుండును. ఎదురుగా రాచినచో ఆ పొలుసులు లేచి, చీలి, ఊడిపోవును. నిద్రలో మనము ఎన్నో మారులు తల త్రిప్పుదుము. వెనుక పోనీటెయిల్ యున్నచో, తలకును దిండునకును నడుమ ఆ ముద్ద నలిగి, తల త్రిప్పినప్పుడెల్ల బ్యాండు ఒకవైపు, తల మరియొకవైపు జుట్టును లాగుచుండును. బ్యాండు పట్టిన చోటనే వెంట్రుక మడతపడి బలహీనమగును. హాస్టళ్లలో చదువుకొను పిల్లలు పుస్తకము చేతబట్టి, పగటి పోనీటెయిల్‌తోనే నిద్రపోవుదురు. రైలులోను, బస్సులోను సీటునకు తల ఆనించి దూరప్రయాణము చేయువారికిని ఇదే కష్టము. వారు జుట్టును ప్రక్కకు మరల్చి భుజముమీదుగా ముందుకు వేసికొనుట మేలు.

రాత్రి జుట్టును కట్టక తప్పనిచో, గుడ్డలో రబ్బరును పొదిగిన స్క్రంచీ ఉత్తమము. దీనికి 1987లో అమెరికాలో రామీ రెవ్సన్ అను గాయని పేటెంటు పొందెను. లోహపు అతుకు గల బ్యాండ్లను ఇంటిలోనికే రానీయరాదు. ముతక నూలు గలీబునకు మారుగా, చినిగిన పట్టుచీరలో జరీలేని భాగమును కత్తిరించి గలీబు కుట్టుకొన్నచో రాపిడి తగ్గును. మా యింట నేనట్లే చేసితిని. ప్రొద్దున చిక్కు తీయునపుడు కొననుండి మొదలుపెట్టి, చిక్కునకు పైభాగమున జుట్టును పిడికిట పట్టుకొని, మెల్లగా పైకి రావలెను.

జడలు బిగువుగా లేవని పిల్లలను వరుసలో నిలువబెట్టి మందలించు ఉపాధ్యాయులకు నా మనవి యొకటి: శుభ్రముగా దువ్విన జుట్టును చూడుడు, బిగువును చూడకుడు. తల్లులారా, ఈ రాత్రియే మీ బిడ్డ తల విప్పి, దీపపు వెలుతురున కణతలను పరికింపుడు. జుట్టు పలుచబడి, పొక్కులు కనబడినచో రేపటినుండియే వదులుగా కట్టుడు, కట్టు చోటును దినదినము మార్చుడు. చర్మము నునుపై మెఱయుచున్నచో ఇంటివైద్యముతో కాలము జరుపక చర్మవైద్యునికి చూపుడు.