పరమాణు స్థాయిలో ఘర్షణ: తెలుగు పరిభాష - ఒక విమర్శ

‘ఘర్షణ’ అనే మాటకు మూలం సంస్కృతంలోని ‘ఘృష్’ ధాతువు. రుద్దడం దాని అర్థం. దీనికి సాటిగా తెలుగులో వాడే రాపిడి, ఒరిపిడి కూడా రుద్దుకొనే క్రియనే తెలుపుతాయి. ఈ మాటల వెనుక సానమీద అరిగే గంధపుచెక్క వంటి దృశ్యం ఉంది: గరుకు, దానితోపాటు అరుగుదల. పాఠశాలలో పరిచితమైన వివరణ కూడా దీనికే కట్టుబడింది. తలాల మీది ఎగుడుదిగుళ్లు ఒకదానిలో ఒకటి చిక్కుకోవడమే ఘర్షణకు కారణమని విద్యార్థి నేర్చుకొంటాడు. పరమాణు స్థాయి పరిశోధనలను తెలుగులో చెప్పబోతే మొదట అడ్డుపడేది ఈ దృశ్యమే.

1987లో ఐబీఎం అల్మాడెన్ పరిశోధనశాలలో మేట్, మెక్‌క్లెలాండ్ ప్రభృతులు టంగ్‌స్టన్ తీగ మొనను గ్రాఫైట్ తలంపై కదిలించారు. ఘర్షణబలం ఒకే తీరుగా ఉండక, గ్రాఫైట్ పరమాణువుల అమరికను అనుసరించి, సుమారు 0.25 నానోమీటర్లకు ఒకసారి హెచ్చి తగ్గింది. మొన ఒకచోట పట్టుబడి, లాగుడు బలం చాలినంత పెరగగానే తటాలున తర్వాతి చోటికి జారుతుంది. ప్రాంట్ల్ 1928లో, టామ్లిన్‌సన్ 1929లో ప్రతిపాదించిన నమూనాలలోని సారం ఇదే. జారినప్పుడు శక్తి స్ఫటికంలో కంపనాలై, చివరకు వేడిగా చెదిరిపోతుంది. ఈ వివరణకు అరుగుదలతో పనిలేదు. అందువల్ల ‘రాపిడి’ కంటే ‘పట్టు-జారు’ అనే జంటమాట దీనికి దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

2008లో టెర్నెస్, హైన్‌రిక్ ప్రభృతులు ఒకే ఒక కోబాల్ట్ పరమాణువును లోహతలంపై జరపడానికి కావలసిన బలాన్ని కొలిచారు. ప్లాటినం మీద అది 210 పికోన్యూటన్లు. రాగి మీద 17 మాత్రమే. రెండూ పరమాణు స్థాయిలో నునుపైన తలాలే. తేడా గరుకులో లేదు, బంధంలో ఉంది. ఈ బలాన్ని రెండు వస్తువుల మధ్య ఘర్షణతో యథాతథంగా సమీకరించరాదన్నది నిజమే. అయినా ‘గరుకే కారణం’ అనే వాక్యాన్ని సడలించడానికి ఇది చాలు.

‘సూపర్‌లూబ్రిసిటీ’ మరింత చిక్కైన మాట. దీనిని ‘అధికందెన’ అంటే చదువరి నూనెను ఊహిస్తాడు. 2004లో లైడెన్‌లో జరిగిన ప్రయోగంలో నూనె లేదు. గ్రాఫైట్ రేకును గ్రాఫైట్ తలంపై కొంత కోణంలో తిప్పగా, రెండు అమరికలకు పొంతన తప్పి ఘర్షణ దాదాపు మాయమైంది. ఇంగ్లీషు పేరే తప్పుదారి పట్టిస్తున్నప్పుడు దానిని మక్కికి మక్కి దింపుకోనవసరం లేదు. ‘పొంతనలేమి జారుడు’ అంటే కారణం కూడా పేరులోనే తెలుస్తుంది.

అణువు, పరమాణువుల సంగతి వేరే చెప్పాలి. రసాయనశాస్త్ర పాఠంలో అణువంటే పరమాణువుల కూటమి, ‘అణుబాంబు’లో పరమాణువు. ఒక్క పరమాణువునూ ఒక్క అణువునూ వేర్వేరుగా పరిశీలించే ఈ రంగంలో ఆ వెసులుబాటు చెల్లదు.

‘ఘర్షణ’ను విడిచిపెట్టమనడం నా ఉద్దేశం కాదు. పెద్ద వస్తువుల విషయంలో తలాలు ఎక్కడెక్కడ నిజంగా తాకుతాయో గరుకుదనమే నిర్ణయిస్తుంది. తాకిన చోట జరిగేది వేరు. పాఠ్యరచనలో ఆ రెండింటికీ వేర్వేరు వాక్యాలు కావాలి.