రెల్లుగడ్డి ఇచ్చిన చేవ

ఏటిగట్టున మొలిచే రెల్లుగడ్డిని నమిలితే తీపి అంతంతమాత్రం. దాన్నే లావు చెరకుతో సంకరం చేసి, 1918లో కోయంబత్తూరు నుంచి కో 205 రకాన్ని బయటికి తెచ్చారు శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్‌లు. ఎంత దూరదృష్టి! ఉత్తరాది వాతావరణాన్ని తట్టుకునే మొండితనం ఆ గడ్డి పెట్టిన భిక్షే.

ఇలా కొత్త చెరకు రకాలు పుట్టించేవాళ్ల ఓపికకు దండం పెట్టాలి. పొద్దున్నే మగ పూగుత్తి తెచ్చి ఆడ పూగుత్తి మీద పుప్పొడి దులుపుతారు. అలా పట్టిన నూగు గింజ కంటికి ఆనీ ఆననంత. వేల మొలకల్లోంచి మంచివాటిని ఏరుకుంటూ పోతారు. నిలబడిన గడకు రంధ్రం చేసి, చుక్క రసం రిఫ్రాక్టోమీటరు అద్దం మీద వేసి తీపి కొలుస్తారు. ఒక్క రకం రైతు చేతికి రావడానికి సుమారు పదేళ్లు! మన అనకాపల్లి పరిశోధన కేంద్రం వందేళ్లకు పైగా ఈ పనిలోనే ఉంది. విశ్వామిత్ర అనే 87ఎ298 చెరకు రకం అక్కడ పుట్టిందే.