టెలోమియరు ఆయువునకు కొలబద్దయా?

శాస్త్రజ్ఞులు తాము కనుగొన్న విషయమును తామే సామాన్య పాఠకులకు వివరించి వ్రాయుట అరుదు. అట్టి అరుదైన గ్రంథములలో నొకటి 2017 లో వెలువడిన ‘ది టెలోమియర్ ఎఫెక్ట్’. రచయిత్రులలో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ 2009 లో కరోల్ గ్రైడర్, జాక్ జోస్టాక్ లతో కలిసి నోబెల్ బహుమానము నందినవారు; ఎలిస్సా ఎపెల్ మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు. గ్రంథము చదువుటకు ఇంపుగా నున్నది. కాని ఇందలి ఉపమానమును, వాదమును తరగతి గదిలోనికి కొనిపోవుటకు ముందు ఉపాధ్యాయులు కొంత పరిశీలింపవలసి యున్నది.

మానవ కణమునందలి 46 క్రోమోజోములలో ప్రతిదానికి రెండు కొనలయందును టెలోమియరు అను భాగము కలదు. టి, టి, ఎ, జి, జి, జి అను ఆరు డి.ఎన్.ఎ. అక్షరముల వరుస అందు వేయికి మించిన పర్యాయములు పునరావృతమగును. కణము విభజన చెందునపుడు డి.ఎన్.ఎ. కు నకలు తయారగును గాని, చిట్టచివరి తునకకు మాత్రము పూర్తిగా నకలు రాదు. అందువలన ప్రతి విభజనకును టెలోమియరు కొంత కురుచనగును.

కోడిపిల్ల గుండె నుండి తీసిన కణములు మరణము లేక పెరుగునని అలెక్సిస్ కారెల్ ప్రకటించిన తరువాత, చాలకాలము అదియే సత్యమని లోకము నమ్మెను. 1961 లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనువారు మానవ కణములు గాజు పాత్రలో సుమారు 50 మార్లు విభజన చెంది ఆగిపోవునని చూపి ఆ నమ్మకమును తొలగించిరి. 1984 లో గ్రైడర్, బ్లాక్‌బర్న్ లు టెట్రహైమినా అను మంచినీటి ఏకకణజీవిలో టెలోమియరును తిరిగి పొడిగించు ఎంజైమును కనుగొనిరి. అదియే టెలోమిరేజు. 1998 లో దీనిని మానవ కణములలో పనిచేయునట్లు చేయగా, అవి తమ సహజమైన హద్దును దాటి విభజన చెందెను. ఈ చరిత్రను చెప్పు భాగములే గ్రంథమునకు ప్రాణము.

చిక్కు ఉపమానముతో వచ్చినది. బూటు తాడు కొనకు ప్లాస్టిక్కు తొడుగు ఎట్టిదో, క్రోమోజోమునకు టెలోమియరు అట్టిదని రచయిత్రులు చెప్పుదురు. కొన చెదరకుండ కాపాడుట అను పని వరకు ఈ పోలిక సరియైనదే. కాని తొడుగు అరిగిపోవుట కేవలము నష్టము. దానివలన మేలు లేదు. టెలోమియరు కురుచనగుట అట్టిది కాదు. అది ఒక హద్దునకు రాగానే కణము ఆ సంకేతమును గ్రహించి విభజనను నిలిపివేయును. అదుపు తప్పి పెరుగజూచు కణమునకు ఇదియొక కళ్లెము. కొలిచి పోసిన నూనెతో వెలుగు దీపమును పోలికగా చెప్పినచో విద్యార్థులకు ఈ రెండవ పక్షము కూడ తెలియును. నూనె ముగిసినచో వెలుగు పోవును. కాని ఆ కొలతయే మంట ఇల్లంతయు అంటుకొనకుండ కాపాడును.

కేన్సరు కణములు చేయునది ఈ కొలతను మీరుటయే. కేన్సర్లలో నూటికి 85 నుండి 90 వరకు టెలోమిరేజు పనిచేయుచున్నట్లు పరిశోధనలు తెలుపుచున్నవి. 1951 లో ఒక రోగి కేన్సరు గడ్డ నుండి తీసిన ‘హీలా’ కణములు నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచున్నవి. వానియందును ఈ ఎంజైము కలదు. రచయిత్రులు ఈ అపాయమును మరువలేదు, హెచ్చరించిరి. కాని ఆ హెచ్చరిక ఉపమానమున ఇముడలేదు. పాఠకుని మనస్సున తొడుగే మిగులును, హెచ్చరిక మిగులదు. గ్రంథము వెలువడిన 2017 లోనే ప్రకటితమైన ఒక పెద్ద జన్యు పరిశీలన, పుట్టుకతోనే దీర్ఘమైన టెలోమియర్లకు అనువగు జన్యువులు గలవారికి గుండెజబ్బుల అపాయము తక్కువయనియు, పెక్కు కేన్సర్ల అపాయము ఎక్కువయనియు తెలిపెను. పొడవు ఒకచోట మేలు, మరియొకచోట కీడు.

రెండవ లోపము వాదమునకు సంబంధించినది. 2004 లో ఎపెల్, బ్లాక్‌బర్న్ మొదలగువారు 58 మంది తల్లులను పరీక్షించి, మిక్కిలి మానసిక ఒత్తిడిని తెలిపినవారి తెల్ల రక్తకణములలో టెలోమియర్లు కురుచగా నున్నవని ప్రకటించిరి. ఇది విలువగల పరిశీలనయే. కాని రెండు విషయములు కలిసి కనిపించినంత మాత్రమున ఒకటి మరియొకదానికి కారణమని నిర్ణయింపరాదు. రక్తకణముల కొలత శరీరమంతటి కొలత కాదు. ప్రయోగశాలలోని చుంచెలుకల టెలోమియర్లు మానవుని వానికంటె చాల పొడవైనవి. అయినను వాని ఆయువు రెండు మూడు సంవత్సరములే. పొడవే ఆయువైనచో ఇది పొసగదు.

వ్యాయామము, నిద్ర, మితాహారము, మనశ్శాంతి అను గ్రంథకర్త్రుల సలహాలు మంచివే. అవి టెలోమియరు సాక్ష్యము లేకయే నిలువగలవు. ఆ సాక్ష్యము రేపు బలహీనమని తేలినచో, దానిపై నిలిపిన మంచి సలహాను కూడ జనులు శంకింతురు. గ్రంథమునకు గల అసలు ప్రమాదము ఇదియే.

ఈ గ్రంథము పాఠశాల గ్రంథాలయములలో ఉండదగినదే. ఉపాధ్యాయులు కణవిభజన పాఠమునకు దీనిని నిస్సంకోచముగా వాడవచ్చును. ఆయుర్దాయమును గూర్చిన అధ్యాయములకు వచ్చునపుడు మాత్రము, ‘ఇది కారణమా, కేవలము తోడుగా కనిపించునదా?’ అని విద్యార్థులచేతనే ప్రశ్నింపజేయవలెను. ఆ ప్రశ్న వేయ నేర్చిన విద్యార్థి, యౌవనమును పొడిగింతుమని మాత్రలమ్మువారి ప్రకటనలకు సులభముగా లోబడడు.