గీత, మేను, గొంతు: అద్భుత కథా చిత్రాల పునర్నిర్మాణం – పాతాళభైరవి నుంచి తెలుగు అల్లాదీన్ దాకా

యానిమేషన్‌గా ప్రసిద్ధి పొందిన తన అద్భుత కథా చిత్రాలను డిస్నీ సంస్థ కొంతకాలంగా నటీనటులతో తిరిగి తీస్తున్నది. సిండరెల్లా (2015), బ్యూటీ అండ్ ద బీస్ట్ (2017), అల్లాదీన్ (2019) ఈ వరుసలోనివి. వీటిపై వచ్చిన విమర్శలో పదే పదే వినిపించే ప్రశ్న ఒకటుంది: గీతలో ఉన్న జీవం మనిషి మేనిలోకి వచ్చేసరికి ఎందుకు సన్నగిల్లుతుంది? ప్రశ్న సబబైనదే. కాని బొమ్మ ముందు, మనిషి తరువాత అనే క్రమాన్ని అది సహజమని తీసుకుంటుంది. తెలుగు ప్రేక్షకుల విషయంలో ఈ క్రమం తిరగబడింది. డిస్నీ యానిమేషన్ అల్లాదీన్ వచ్చింది 1992లో. విజయా వారి పాతాళభైరవి 1951 నాటిది. అక్కినేని నటించిన అల్లావుద్దీన్ అద్భుతదీపం 1957 నాటిది. హైదరాబాదు–విజయవాడ రహదారి మీది కేతేపల్లి వంటి ఊళ్లో తోటరాముణ్ణి ఎరిగినవారు వీధికి పదిమంది దొరుకుతారు. డిస్నీ జీనీని గీతల్లో చూసినవారిని వెదకవలసి ఉంటుంది. అందువల్ల పై ప్రశ్నకు మన వైపునుంచి చెప్పగల సమాధానం వేరుగా ఉంటుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

జానపద కథలో పాత్రకు లోతు ఉండదని, అది లోపం కాక ఆ ప్రక్రియకు లక్షణమని స్విస్ పండితుడు మాక్స్ లూతీ ఐరోపా కథలను ఆధారం చేసుకొని నిరూపించాడు. కథలోని రాకుమారునికి జ్ఞాపకాల బరువు లేదు, గతం లేదు. మన బాలనాగమ్మ కథకూ ఇది వర్తిస్తుంది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. ఎందుకు దాచుకున్నాడు, ఆ విద్య ఎవరు నేర్పారు అని కథకుణ్ణి నిలదీసే శ్రోత ఉండడు. యానిమేషన్ గీత ఈ లక్షణానికి దగ్గరి చుట్టం. 1992 జీనీకి రూపమిచ్చిన ఎరిక్ గోల్డ్‌బర్గ్, వ్యంగ్య చిత్రకారుడు ఆల్ హిర్ష్‌ఫెల్డ్ రేఖను ఆదర్శంగా తీసుకున్నాడు. ఆ రేఖకు ఎముకలు లేవు. రాబిన్ విలియమ్స్ గొంతు ఎటు మళ్లితే అది అటు మళ్లుతుంది.

పునర్నిర్మాణ చిత్రాలు ఈ లోతులేనితనాన్ని చూసి జంకాయి. 2017 చిత్రంలో బెల్ తల్లి మహమ్మారి వాతపడిన గతం కొత్తగా వచ్చి చేరింది. 2019 చిత్రంలో జాస్మిన్‌కు రాజ్యకాంక్ష, దానికొక కొత్త పాట దక్కాయి. ఆమె సుల్తాన్ కావడం మీద ఈ వ్యాసకర్తకు అభ్యంతరం లేదు. కనబడే మేను ఉన్నచోట కనబడని మనస్సును కూడా వివరించి తీరాలన్న తొందర మీదనే అభ్యంతరం.

ఆ తొందర తప్పనిసరి కాదనడానికి పాతాళభైరవే సాక్ష్యం. అల్లాదీన్ కథను 1709లో అలెప్పో వాసి హన్నా దియాబ్ చెప్పగా ఫ్రెంచి రచయిత గలాన్ తన వెయ్యిన్నొక్క రాత్రుల్లో చేర్చాడు. అందులో మాంత్రికుడు తండ్రి తోబుట్టువునని నమ్మబలికి కుర్రవాణ్ణి దీపం కోసం బిలంలోకి దింపుతాడు. పింగళి నాగేంద్రరావు దీపాన్ని ప్రతిమగా, జీనీని దేవతగా మార్చడంతో ఆగలేదు. వస్తువు దొరకడం అనే ఘట్టాన్నే బలిగా మార్చాడు. నేపాళ మాంత్రికునికి కావలసింది సాహసవంతుడైన యువకుని ప్రాణం. చివరకు దేవతకు బలి అయ్యేది మాంత్రికుడే. శిష్యుడు సదాజపుడు అతణ్ణి మళ్లీ బ్రతికించాక గాని కథ అల్లాదీన్ దారిలో పడి, రాజభవనంతో సహా రాకుమారి అపహరణ దాకా నడవదు. ఈ మార్పుతో కథానాయకునికి వరం అదృష్టవశాన దక్కింది కాక, ప్రాణాలొడ్డి గెలుచుకున్నదైంది. ఒక జానపద కథను మరో నేల మీద నాటడమంటే ఇదీ.

ఇంత మార్చినా పింగళి గాని, దర్శకుడు కె.వి. రెడ్డి గాని మాంత్రికునికి గతం కల్పించలేదు. రంగస్థలం మీద షేక్‌స్పియర్ పాత్రలు పోషించి వచ్చిన ఎస్.వి. రంగారావు ఆ ఖాళీని మనస్తత్వంతో నింపలేదు. గడ్డం, నడక, సాగదీసి పలికే ఉచ్చారణ, మళ్లీ మళ్లీ వచ్చే పిలుపుమాటలు – ఇవే ఆ పాత్రకు గీతలు. ఆయన మేనే రేఖగా మారింది. అంటే సన్నగిల్లడానికి కారణం మనిషి మేను కాదు, ఆ మేనిపై రుద్దిన వాస్తవికత. నిర్మాతలైన నాగిరెడ్డి–చక్రపాణులే 1947 జూలైలో చందమామను ప్రారంభించినవారన్నది కూడా గమనార్హం. బొమ్మల కథా, వెండితెర కథా ఒకే ఇంటి వంటలు.

తోటరామునికి మాత్రం కారణం ఇచ్చారు కదా అన్న ఆక్షేపణ రావచ్చు. నిజమే. తోటమాలి కొడుకు రాకుమారిని వరించాడు. తనతో తులతూగే సంపద తెమ్మని రాజు షరతు పెట్టాడు. అయితే అది అంతరంగ వివరణ కాదు, అంతస్తుల లెక్క. జానపద కథకు ఆ లెక్క మొదటినుంచీ తెలుసు.

ఇక గొంతు సంగతి. 2019 తెలుగు అల్లాదీన్‌లో విల్ స్మిత్ జీనీకి వెంకటేశ్, కథానాయకునికి వరుణ్ తేజ్ గాత్రమిచ్చారు. అదే ఏడు వచ్చిన ద లయన్ కింగ్‌లో సింబాకు నాని, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ పలికారు. ఈ రెండోది అద్భుత కథా కాదు, అందులో నటులూ లేరు. అయినా మన చర్చకు అదే ఎక్కువ పనికివస్తుంది. కంప్యూటర్ సృష్టించిన ఆ జంతువులు నిజ జంతువులంత నిజంగా ఉండడం వల్ల వాటి ముఖాలు పలకవు. తెలుగులో మాత్రం పుంబా నోరు తెరవగానే ప్రేక్షకుడు బ్రహ్మానందం కనుబొమలను, మెడ విరుపును తనంతట తాను చూసుకుంటాడు. తెర కోల్పోయిన రేఖను చెవి తిరిగి గీస్తుంది. మూలంలో లేని లాభమిది.

ఈ లాభానికి ఖరీదు ఉంది. తార గొంతు వినబడ్డాక మాట వినబడదు. గాత్రదాతల పేర్లు ప్రకటనల్లో నిలుస్తాయి. సంభాషణలు రాసినవారి పని మీద చర్చ జరగదు. తెలుగులో తొలి డబ్బింగ్ చిత్రంగా చెప్పే ఆహుతి (1950)కి రచన చేసింది శ్రీశ్రీ. అక్కడ మొదలైన రచనను మన సాహిత్య విమర్శ బ్రతుకుతెరువు ఖాతాలో వేసి పక్కన పెట్టింది. అందువల్ల అడగవలసిన ప్రశ్నలు మిగిలిపోయాయి. వెయ్యేళ్లు దీపంలో బందీగా ఉన్న జీనీకి ఏ కాలపు తెలుగు ఇవ్వాలి? నాయకునికి ప్రామాణిక భాష, హాస్యగానికో దుష్టునికో తెలంగాణ మాండలికం అన్న తెలుగు సినిమా పాత పంపకం ఈ పరాయి పాత్రల్లోకీ ప్రవేశించిందా? నల్లగొండ పలుకుబడిలో అద్భుత కథ విని పెరిగిన పిల్లకు రాకుమారి ఆ పలుకుబడిలో మాట్లాడితే ఎలా వినిపిస్తుంది? పాతాళభైరవి మాటలు జనం నోట నిలిచి ఉన్నాయి కనుక వాటిని చర్చించడం తేలిక. తెలుగు జీనీ మాటలు కావాలంటే పరిశోధకుడు చిత్రాన్ని ఆపి ఆపి, చెవిపెట్టి విని, సొంతంగా రాసుకోవలసిందే.