రాజసత్కారం – కవి స్మృతి: పెద్దన చాటువు పరిశీలన

కీలకపదాలు: రాజసత్కారం, రాజసేవ, చాటువు, అవతారిక, అల్లసాని పెద్దన, శ్రీకృష్ణదేవరాయలు.

1. ఉపోద్ఘాతం

శ్రీకృష్ణదేవరాయల (పాలన: 1509–1529) మరణానంతరం అల్లసాని పెద్దన చెప్పినట్లు ప్రసిద్ధమైన సీసపద్యాన్ని రాయల వదాన్యతకు నిదర్శనంగా చూపడం పరిపాటి. ఆ పద్యం పేర్కొన్న సత్కారాల స్వభావాన్ని పరిశీలిస్తే, అందులో దాతృత్వం కంటె సాన్నిహిత్యమే ప్రధానమని స్పష్టమవుతుంది.

2. సత్కారాల స్వరూపం

సీసం నాలుగు పాదాలలో నాలుగు సత్కారాలున్నాయి. ఎదురుపడినప్పుడు రాయలు తన ఏనుగును నిలిపి, చేయూతనిచ్చి కవిని ఎక్కించుకొన్నాడు. మనుచరిత్ర అందుకొన్న వేళ పల్లకిని స్వయంగా పట్టి ఎత్తాడు. గండపెండేరాన్ని తానే కవి పాదానికి తొడిగాడు. కోకట మొదలైన అగ్రహారాలను ఇచ్చాడు. అగ్రహారదానం తప్ప మిగిలిన మూడూ పరిచారకులు, బోయీలు చేయవలసిన పనులు. కవి సేవను మన్నించడానికి రాజే క్షణకాలం సేవకుడయ్యాడు. తరతరాలకు నిలిచే ఆస్తి మాత్రం అగ్రహారమే.

ఎత్తుగీతిలో అయిదవ సత్కారం వస్తుంది: బిరుదుతో, పేరుతో నోరారా పిలవడం. ఆ వెంటనే, అటువంటి రాయలతో పోలేక జీవచ్ఛవంగా మిగిలానన్న శోకం. రాజు గతించినా అగ్రహారం ఉంటుంది. చేయూత, పిలుపు మాత్రం ఆయనతోనే పోతాయి. కవి దుఃఖానికి మూలం అదే.

3. సాక్ష్య విచారణ

మనుచరిత్ర అవతారికలోనూ రాయలు పెద్దనను హితుడని, ఆంధ్రకవితాపితామహుడని సంబోధిస్తాడు. అయితే ఆ రాజవాక్యాన్ని పద్యంగా కూర్చినది సత్కారం పొందిన కవియే. చాటువు జనశ్రుతిలో నిలిచిన రచన. అందులోనూ మాట్లాడేది కవి గొంతే. కనుక వీటిని మాత్రమే ఆధారం చేసుకొని పల్లకి ఘటనను చరిత్రగా నిర్ధారించడం సాహసం. ఏది గౌరవంగా గుర్తుండిపోవాలని కవిలోకం భావించిందో చెప్పడానికి మాత్రం ఇవి బలమైన ఆధారాలు.

4. ముగింపు

శ్రీకాళహస్తీశ్వర శతకంలో రాజసేవను నరకతుల్యమన్న ధూర్జటిని పెద్దనకు ప్రతిపక్షంగా నిలపడం సులభం. కాని ఇద్దరి అనుభవానికీ పునాది ఒక్కటే. రాజసేవలోని సుఖదుఃఖాలు ఒక వ్యక్తి చిత్తవృత్తి మీద ఆధారపడినవి. ధూర్జటి ఆ వ్యక్తిలో మదాన్ని చూశాడు. పెద్దన మైత్రిని చూశాడు. ఆ మైత్రికి రాజు ఆయుర్దాయమే హద్దు అన్నది ఈ చాటువు మిగిల్చిన విషాదం.