సంఘటనకు కారణమెవరు?

ఏ కథాప్రక్రియనైనా పరీక్షించటానికి ఒక ప్రశ్న చాలు: అందులో సంఘటనలు ఎందుకు జరుగుతున్నవి? నవలనూ నాటకాన్నీ మనం చాలాకాలంగా ఈ ప్రశ్న అడుగుతున్నాం. మన విద్యార్థులు గంటల తరబడి ఆడే, కొందరు స్వయంగా తయారుచేస్తున్న, పాత్రధారణ కంప్యూటర్ ఆటలను మాత్రం అడగటం లేదు. అవి వట్టి కాలక్షేపమని తోసిపుచ్చితే అది విమర్శ అనిపించుకోదు.

ఈ ఆటల్లో సంఘటనను ముందుగానే రాసిపెడతారు. ‘ఆర్‌పీజీ మేకర్’ అనే సాధనాన్ని చూడండి. సంఘటనకు పుటలుంటవి, పుటకు షరతులుంటవి. ఫలానా స్విచ్చి పడి ఉండాలి, ఫలానా అంకె ఇంతకు చేరాలి. ఆపైన దాన్ని కదిలించే నిమిత్తం ఒకటి: నాయకుడు దగ్గరకొచ్చి మీట నొక్కటమో, ఆ గడిలో కాలు పెట్టటమో. నాయకుడి రాకతో పనిలేకుండా తనంత తాను నడిచే పద్ధతి కూడా అందులో ఉన్నది. అయినా రచయితల చెయ్యి అలవాటుగా మొదటిదానిమీదికే పోతుంది.

మన మైపాడు తీరాన ఒక ఆట కట్టామనుకుందాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. అలవాటు శిల్పంలో మత్స్యకారుడు ఇసుకలో నిలబడే ఉంటాడు. నాయకుడు వచ్చి పలకరించేదాకా అతనికి ఆకలి లేదు, అప్పు లేదు. పలకరించగానే కష్టం చెప్పుకుంటాడు; నాయకుడు తీరుస్తాడు; స్విచ్చి పడుతుంది; ఊరంతా దణ్ణం పెడుతుంది. ప్రజలు ఎదురుచూసేవాళ్లు, చరిత్రను నడిపేవాడు ఒక్కడు! రాజుల కథల్లో మనం కాదన్న ఈ దృష్టే కొత్త యంత్రంలో మళ్లీ వచ్చి కూర్చున్నది. అదే ఆటలో రోజులు తమ లెక్కన గడిచి, అప్పు పూటపూటకూ పెరిగితే, ఆలస్యంగా వచ్చిన నాయకుడికి తాళం వేసిన ఇల్లు కనబడుతుంది. సాధనంలో ఇది కష్టమైన పని కాదు. కొరవడింది దృష్టి.

2019లో వెలువడిన ‘డిస్కో ఎలీసియం’ ఈ దిశలో పెద్ద అడుగు. రేవు కార్మికుల సమ్మె సాగుతున్న పేటకు ఒక పోలీసు వస్తాడు. కంపెనీ కిరాయి సైనికులకూ యూనియన్ మనుషులకూ జరిగే ఘర్షణను అతడు ఆపలేడు. ఎందరు బతుకుతారన్నది మాత్రం అతని నడతను బట్టి కొంత మారుతుంది. వ్యక్తికీ పరిస్థితికీ గల సంబంధాన్ని ఇది నిజాయితీగా చూపింది. లోపమూ ఉన్నది. అక్కడి గడియారం అతడు మాట్లాడినప్పుడో చదివినప్పుడో తప్ప కదలదు. సమ్మె కూడా అతని నోటికోసం కాచుకుని ఉంటుంది.

అయితే ‘చైతన్యం’ అని ఒక అంకె పెట్టి, అది పదికి చేరగానే తిరుగుబాటు జరిపిస్తే సరిపోతుందా? అది వట్టి యాంత్రికవాదం. తీరం విడిచి మన జిల్లా మెట్టకు పోతే దీనికి జవాబు దొరుకుతుంది. 1990ల ఆరంభంలో అక్షరాస్యతా ఉద్యమ వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉండేది. భర్త తాగుడుతో విసిగిన ఒక స్త్రీ తోటివాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయించిన కథ అది. దూబగుంట స్త్రీలు దాన్ని చదివారు, చర్చించుకున్నారు, తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపించారు. వారి కథ మళ్లీ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠమై తక్కిన ఊళ్లకు పోయింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడినవి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇక్కడ స్విచ్చి వేసిందెవరు? పాఠమా? కడుపు మండని చోట ఆ పాఠం వట్టి పాఠమే. కూలి డబ్బు దుకాణానికి పోవటం, రాత్రిబడిలో నలుగురూ కలవటం, చదువు, చర్చ, ఇన్నీ కూడితే సంఘటన అయింది. జరిగిన సంఘటనే మరో ఊరికి షరతు అయింది. ఆటల రచయితలు నేర్వవలసింది ఇదే: ఒకరి అనుభవం ఇంకొకరికి మాటగా చేరాలి, ఆ మాట వారి నిర్ణయాన్ని మార్చాలి, ఆ నిర్ణయం ఆటగాడు చూడనప్పుడు కూడా జరిగిపోవాలి.

మరి ఆటగాడికి మిగిలేదేమిటని అడుగుతారు. రాత్రిబడిలో పాఠం చదివి పక్కింటామెకు చెప్పిన స్త్రీకి మిగిలినదే. అది చిన్న పాత్ర కాదు. ఆటలు కట్టే మన విద్యార్థులు షరతుల గడిలో తాము రాసినదాన్ని ఒకసారి చదువుకోవాలి. ‘నాయకుడు వచ్చెను’ అన్నది తప్ప అక్కడ మరేమీ లేకపోతే, ఆ ఆటలో బొమ్మలు ఎన్ని ఉన్నా ప్రజలు లేనట్టే.